ముగ్గురికా, నలుగురికా?

పొద్దున్న ఏడింటికి మా ఇంట్లో ఫోన్ మోగిందంటే అది డెన్వర్ నుంచి మా చెల్లెలు బుజ్జే. చలికాలంలో మాకు ఉదయం ఏడైతే వాళ్లకి ముందురోజు సాయంత్రం ఆరున్నర. నేను క్యారేజీలు సర్దుతూ ఉంటాను, అది రాత్రికి కూర తరుగుతూ ఉంటుంది. ఇద్దరం ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే మాట్లాడుకుంటాం.

మొన్న జనవరిలో ఫోన్ చేసి, "అక్కా, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవొస్తోంది. పిల్లల్ని బ్రెకెన్‌రిడ్జ్ తీసుకెళ్లి స్కీయింగ్ నేర్పిద్దామనుకుంటున్నాం. గ్రూపు క్లాసులో వేయమంటావా, ప్రైవేటు క్లాసా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. ఆటోనగర్ దగ్గర కాపురముండే నాకు మంచంటే డిసెంబర్‌లో లంబసింగి వెళ్లి చూసొచ్చిన పొగమంచే. కాళ్లకి పొడుగాటి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారడం సినిమాల్లో చూడటమే.

"స్కీయింగ్ నీకు తెలీదులే. మన చిన్నోడికి ఈత నేర్పించావు కదా, అది చెప్పు" అంది.

అది మాత్రం చెప్పగలను. ఆ వేసవి నేను మరిచిపోయేది కాదు.

చిన్నోడికి అప్పుడు ఏడేళ్లు, పెద్దదానికి పదకొండు. ఇద్దర్నీ ఒకే సమ్మర్ బ్యాచ్‌లో చేర్చాం. ఇరవైమందికి పైగా పిల్లలు, ఒక్క కోచ్. పెద్దదానికి పక్కనే స్కూలు స్నేహితురాళ్లిద్దరు దొరికారు. వారం తిరక్కుండా కాళ్లాడించడం నేర్చేసింది. చిన్నోడు మాత్రం పది రోజులూ గట్టు పక్కనున్న కడ్డీ వదల్లేదు. చుట్టూ పిల్లలు దబదబా దూకుతుంటే ఆ నీళ్లు మొహం మీద పడి ఇంకా బెదిరిపోయేవాడు. ఇంటికొచ్చేసరికి వేళ్లు నానిపోయి ముడతలు పడేవి, ఈత మాత్రం సున్నా.

అప్పుడు వాడికి విడిగా క్లాసు పెట్టించాం. ఫీజు మూడు రెట్లు. పొద్దున్నే ఆరింటికి సార్ వాడి పొట్ట కింద చెయ్యి పెట్టి నీళ్ల మీద పడుకోబెట్టేవారు. నాలుగో రోజు మొహం నీళ్లలో పెట్టాడు. రెండు వారాల్లో చేతులూ కాళ్లూ చక్కగా ఆడించాడు. కానీ సార్ చెయ్యి తీస్తే చాలు, మునిగిపోయినట్టు అరుపులు. చివరికి ఆయనే, "ఇక బ్యాచ్‌లో కలిపేయండమ్మా. ఇక్కడ నా మొహం తప్ప వీడికి చూడ్డానికి ఇంకేం లేదు" అన్నారు. బ్యాచ్‌లో కలిపిన మూడో రోజు, వీడికంటే పొట్టి పిల్లొకర్తె ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఈదేసింది. మావాడు కాసేపు చూసి, కడ్డీ వదిలేశాడు.

ఆ రాత్రి మావారికి చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆటోనగర్‌లో ఆయనకి లేత్ షెడ్డుంది. "కొత్త కుర్రాణ్ని మొదటి వారం మిషను దగ్గర ఒంటరిగా వదలం. మేస్త్రీ పక్కనే నిలబడి చెయ్యి పట్టి చూపిస్తాడు. భయం పోయాక నలుగురిలో పడేస్తాం. పక్కోడు పాడుచేసిన ముక్క చూసి నేర్చుకున్నంత, మేం చెప్తే నేర్చుకోడు" అన్నారు.

ఇదంతా బుజ్జికి చెప్పాను. అది కూడా తను కనుక్కున్నవి చెప్పింది. గ్రూపయితే పిల్లల్ని వయసును బట్టి, వచ్చిన విద్యను బట్టి విడదీస్తారట. పెద్దలూ పిల్లలూ ఒకే గ్రూపులో ఉండరు. పన్నెండేళ్ల పెద్దాడూ ఆరేళ్ల చిన్నదీ కూడా చెరో గుంపులో పడతారు. గ్రూపులో తలకింత అని లెక్క, తోటి పిల్లలు దొరుకుతారు. కానీ ఒకడి బూటు ఊడితే మిగతావాళ్లంతా ఆగి చూడాల్సిందే. ప్రైవేటయితే ఆ నేర్పేవారు మనకోసమే. ఎక్కడ తడబడితే అక్కడే ఆగి చెప్తారు. కాకపోతే పెద్ద రిసార్టుల్లో సెలవుల సీజన్లో రోజంతా ప్రైవేటంటే వెయ్యి డాలర్లు దాటుతుందట. లిఫ్టు టికెట్టు, అద్దె సామాను సాధారణంగా దానికి వేరే.

మొదటి పాఠం ఎవరికైనా ఒకటేనట. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, వెనక వెడల్పుగా పెడితే అదే బ్రేకు. పిల్లలకి దాన్ని "పిజ్జా ముక్క" అని చెప్తారట. చిన్న వాలు పైకి ఎక్కడానికి మ్యాజిక్ కార్పెట్ అని ఒకటుంటుందంది. విషయమేమిటంటే, నేల మీద పరిచిన కన్వేయర్ బెల్టు. మా స్టీల్‌ప్లాంటులో బొగ్గెక్కినట్టు అక్కడ మనుషులెక్కుతారన్నమాట!

"ప్రైవేటయితే ముగ్గురికీ చాలా అవుతుందక్కా" అంది బుజ్జి.

"ముగ్గురేంటే? నలుగురు కదా మీరు?"

"నేనెందుకులే. ఎవరో ఒకరు బ్యాగులు చూసుకోవాలి కదా. లోపల వేడిగా కాఫీ తాగుతూ కూర్చుంటాను. మీ మరిదీ పిల్లలూ నేర్చుకుంటారు."

నా చేతిలో క్యారేజీ మూత అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ వేసవిలో నేనూ అచ్చం అలాగే అన్నాను. "లేడీస్ బ్యాచ్ ఉంది, నువ్వూ చేరు" అని మావారు రెండుసార్లు చెప్పారు. నాకెందుకని తువ్వాళ్లూ బిస్కెట్ ప్యాకెట్టూ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. నలభై రోజులు.

ఆ తర్వాత పుట్టినరోజుకి పిల్లల్ని పిలిచిన వాళ్లింటి అపార్ట్‌మెంట్ పూల్ దగ్గర, తడి గచ్చు మీద కాలు జారి నీళ్లలో పడ్డాను. నా భుజాల లోతు కూడా లేదు. నిలబడితే చాలు. ఆ నిలబడటమే తెలీలేదు నాకు. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు. నా మోచెయ్యి పట్టుకుని లేపింది మా పెద్దది. "అమ్మా, కాళ్లు కింద పెట్టు, ఏం కాదు" అని అది నాకు చెప్తుంటే గట్టు మీద చిన్నోడు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నా కోసం.

మరుసటి వేసవి నలభై ఒకటో ఏట లేడీస్ బ్యాచ్‌లో చేరాను. మొదటి నాలుగు రోజులు డబ్బులు కట్టి విడిగా నేర్చుకున్నాను, సిగ్గు కంటే భయం ఎక్కువ కాబట్టి. ఆ తర్వాత పదిమంది ఆడవాళ్లతో కలిసి. ఇప్పటికీ ఆర్కే బీచ్‌లో మోకాలు దాటి దిగను. పూల్లో ఈతొచ్చినవాళ్లనీ ఆ అలలు లాగేస్తాయి. కానీ పూల్లో వెల్లకిలా తేలగలను. ఆ తేలడం నాకెంత ఇష్టమో చెప్తే నమ్మరు.

"బుజ్జీ, ఆ ప్రైవేటు ధర మనిషికా, నేర్పేవారికా, ఒకసారి చూడు" అన్నాను.

గరిటె పక్కన పెట్టి చూసింది. నేర్పేవారికే. ఆరుగురి వరకూ అదే ధర.

"మరి నువ్వు కూర్చుంటే మిగిలేదేంటి? నీ కాఫీ ఖర్చు అదనం" అన్నాను. అటువైపు కాసేపు పోపు చిటపటలే వినిపించాయి.

చివరికి ఇద్దరం కలిసి ఇలా తేల్చాం. మొదటిరోజు నలుగురూ కలిసి పూటంతా కాకుండా సగం పూటే ప్రైవేటు. నలుగురూ కొత్తవాళ్లే కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన పని పెద్దగా ఉండదు. బ్రెకెన్‌రిడ్జ్ 9,600 అడుగుల ఎత్తు, ఆరేళ్ల పిల్ల రోజంతా తట్టుకోలేదు. మర్నాడు పిల్లలిద్దరూ వాళ్ల వాళ్ల గ్రూపుల్లో, మొగుడూ పెళ్లాలు పెద్దల గ్రూపులో. సెలవు రోజుల్లో క్లాసులు ముందే నిండిపోతాయని ఆ రాత్రే బుక్ చేసేసింది.

ఫిబ్రవరిలో ఫొటో పంపింది. పెద్దాడు, చిన్నది, మరిది నిలబడి నవ్వుతున్నారు. బుజ్జి మాత్రం మంచులో వెల్లకిలా పడి ఉంది, ఒక స్కీ ఎటో పోయింది. కింద రాసింది: "అక్కా, అందరికంటే ఎక్కువసార్లు పడింది నేనే. వచ్చే ఏడాది మళ్లీ వెళ్తున్నాం. నలుగురం."

క్యారేజీలు కట్టడం ఆ రోజు పది నిమిషాలు ఆలస్యమైంది.