లాగడం సరే... ఆపడమెలా?

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ... మధ్యలో టీ తాగడానికి ఆగినా మూడు గంటల ప్రయాణం. కాకపోతే ఈ దారిలో మీ కారు ఎంత వేగంతో వెళ్లాలో తేల్చేది మీరు కాదు, ముందు పోతున్న ట్రాక్టరు! చలికాలంలో పత్తి, జనవరి దాటితే ఖమ్మం మార్కెట్‌కి మిర్చి బస్తాలు, సారపాక కాగితం మిల్లుకి జామాయిల్, సుబాబుల్ కర్ర, ఏడాది పొడవునా ఇటుకా ఇసుకా. అన్నీ ట్రాక్టరు వెనక కట్టిన ట్రాలీలోనే.

ఆ బండిని ఓవర్‌టేక్ చేసేయాలన్న తొందరలో మనం దాన్ని సరిగా చూడం. ఒక్క పది నిమిషాలు వెనకే వెళ్లి చూడండి. నలభై, యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు... మన ఎస్‌యూవీలో అంతకు రెండు మూడింతలు ఉంటుంది. అయినా అది టన్నుల కొద్దీ బరువును గుట్ట ఎక్కించేస్తుంది. అంతా తక్కువ గేరు మహిమ. అసలు చిక్కు దిగేటప్పుడు. ట్రాక్టరు బరువు రెండు టన్నులు, వెనకున్నది మూడో నాలుగో టన్నులు. బ్రేకులేమో ట్రాక్టరు వెనక చక్రాలకే. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. డ్రైవరు బ్రేకు తొక్కితే ముందుది ఆగుతుంది, వెనకది ఆగనంటుంది. ఇంకా తోసుకొస్తుంది. మలుపులోనైతే ట్రాక్టరును అడ్డంగా తిప్పేస్తుంది.

ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. దుక్కిలో చాలు చివర చటుక్కున మళ్లడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కగానే రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. పొలం నుంచి నేరుగా రోడ్డు మీదికి వచ్చే హడావుడిలో అది వేయకపోతే? వేగంగా వెళ్తూ ఒక్క పెడలే తొక్కితే బండి ఒక పక్కకే లాగేస్తుంది.

బరువు ఎంత అన్నదొక్కటే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా లెక్కే. ఎడ్లబండి కట్టిన తాతలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గడ్డి వెనక ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి, కట్టిన తాడు ఎద్దుల గొంతుకు బిగుస్తుంది. ముందు ఎక్కువైతే మెడల మీద భారం. అందుకే బండి నింపేటప్పుడు ఒకరు కాడి దగ్గర నిలబడి చేత్తో ఎత్తి చూసేవారు. కాస్తంత ముందుకు మొగ్గితే చాలు... బండి తయార్!

అమెరికాలో ఎస్‌యూవీ వెనక ట్రావెల్ ట్రైలర్... అదే, చక్రాల మీది చిన్న ఇల్లు... తగిలించుకుని సెలవులకు వెళ్లేవాళ్లకు చెప్పే సూత్రమూ ఇదే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. సామానులో అరవై శాతం ఇరుసుకు ముందువైపు సర్దాలి. బరువు వెనక్కి పోతే ట్రైలర్ పాము నడకలా ఊగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే పని మరింత చెడుతుంది. కంగారు పడి స్టీరింగు తిప్పకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. వాళ్లు బరువైన ట్రైలర్లకు విడిగా బ్రేకులు పెడతారు. కొక్కెం ఊడినా బండి పోకుండా గొలుసులు కడతారు. ఇక్కడ ఆ గొలుసు బాధ్యత ఒక్కోసారి పిన్నుకు చుట్టిన ఇనుప తీగది!

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి. పగలు చూడటానికి ఎంత బాగుంటుందో, రాత్రి అంత జాగ్రత్తగా నడపాలి. వెనక లైటు లేని ట్రాలీ, దాంట్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రలు మన హెడ్‌లైటు పడేదాకా కనిపించవు. నాలుగు ఎర్ర రేడియం స్టిక్కర్లకు అయ్యే ఖర్చెంత? టైరు పంక్చరై ఆగిన బండికి పచ్చి కొమ్మ విరిచి వెనక వేస్తారు. అదే ఇక్కడ హెచ్చరిక బోర్డు. మంచిదే, కానీ చీకట్లో ఆకు మెరవదు కదా.

సరుకుతో పోతే సరుకే. అదే ట్రాలీలో మనుషులెక్కితే? సరుకు బండిలో జనాన్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. కానీ మిర్చి ఏరడానికి తెల్లవారుజామున కూలికి వెళ్లే ఆడవాళ్లకు వేరే బండి ఏదీ? 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు కాల్వలో పడి తొమ్మిది మంది పోయారు. అదే ఏడాది జూన్‌లో వేములకొండ దగ్గర మూసీ కాల్వలో పదిహేను మంది. 2020 జూన్‌లో ఖమ్మం జిల్లా పెద్దగోపవరం నుంచి వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్లిన ట్రాక్టరును లారీ ఢీకొని పది మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగిన వారం పాటు తనిఖీలుంటాయి. ఆ తర్వాత కూలీలకు బస్సు వేయాలని మాత్రం ఎవరికీ తోచదు.

సారపాకలో మిల్లు దగ్గర కర్ర బండ్ల వరస కనిపించిందంటే భద్రాచలం వచ్చేసినట్టే. ఎదురుగా గోదావరి. 1965లో వంతెన వచ్చేదాకా రాములవారి దర్శనానికి పడవ ఎక్కాల్సిందే. ఇప్పుడు బండి దిగకుండానే గుడి వీధిదాకా వెళ్లొచ్చు.

దర్శనమయ్యాక చాలామంది శబరి ఒడ్డునున్న చింతూరు మీదుగా మారేడుమిల్లి అడవులకు వెళ్తారు. ఘాట్‌లో వెనక ఏమీ తగిలించని కారుకైనా సూత్రం ట్రాక్టరుదే. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కితే పట్టు తప్పుతుంది. పైన క్యారియర్ మీద సామాను ఎక్కువ కట్టినవాళ్లు మలుపుల్లో ఇంకా నెమ్మది. ఎత్తులో ఆగిన లారీలు చక్రాల కింద పెట్టిన రాళ్లను అక్కడే వదిలేసి పోతుంటాయి, మలుపు తిరగ్గానే చూసుకోవాలి. చీకటి పడకముందే ఘాట్ దాటాలంటే భద్రాచలంలో ఉదయమే దర్శనం ముగించుకుని, భోజనానికి ముందే బయల్దేరడం మేలు.