నీట నంటిన చిప్ప

మదనపల్లెలోని మా పాఠశాలగోడకు బాలురచేత చింతగింజల బంకతో నంటింపించిన దేశపటము గడచిన వానకాలమున తడిసి, యూడి నేలబడెను. ఆ బంక కాచు విధమును చిన్ననాడు కుప్పములో మా తల్లిగారివలన నేర్చితిని. ఎండకాలమున దానికి సాటి లేదు. పటము నెత్తుచు, "నీటికిని జిగురునకును జన్మవైరము; నీటిలో నంటెడు బంక లోకమున లేదు" అని బాలురతో నంటిని.

అంతట నొక బాలుడు లేచి, "ఉన్నదండీ అయ్యవారూ! విశాఖపట్టణమున సముద్రపు బండలకు చిప్పలు పట్టుకొని యుండును. ఎంత పెద్ద అల కొట్టినను ఊడవు" అనెను. వాని తండ్రి ఉద్యోగరీత్యా ఆ తీరమునుండి మా మెట్టసీమకు వచ్చినవాడు. నేనో, సముద్రమును కన్నులార చూచి యెరుగను. "ఆ చిప్పలకు బంక కాచి పోసినదెవరురా?" అంటిని. తరగతి యెల్ల నవ్వెను. బాలుడు కూర్చుండెను. ఆ పిమ్మట వాడు నా యెదుట తానుగా నోరు తెరువలేదు.

నెల దాటిన పిదప పుంగనూరులో నొక మిత్రుని యింట ఆంగ్లపత్రిక తిరుగవేయుచుండగా నీ సంగతియే కంటబడెను. రాతిపైనుండు పలుచని నీటిపొర, బంకను రాతిని తాకనీయదు. నీట మన జిగురులు చెడుటకు ముఖ్యకారణ మిదియే. ఆలుచిప్ప జాతి జీవి యొకటి తన మెత్తని పాదమును బండకు నొక్కి, అచ్చటి నీటిని తొలగించి, ద్రవరూపమున మాంసకృత్తులను విడుచును. అవి కొన్ని నిమిషములలో గట్టిపడి పోగులగును. వానిలో మెండుగా నున్న డోపా యను పదార్థము నీటిపొరను త్రోసి రాతిని పట్టును. 1981లో వేయిట్, టాన్జరు అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. అటుపిమ్మట అమెరికాలో ఆరిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున కైచాంగ్ లీ యను ఆచార్యుడు, ఈ జీవిని చూచియే సోయాపిండిలోని మాంసకృత్తులను మార్చి, ఫార్మాల్డిహైడు లేని ప్లైవుడ్ జిగురును కనిపెట్టెను. ఆ డోపాయే మన దూలగొండి గింజలలోను గలదు. వణుకుజబ్బునకు మందుగా వాడుదురు. దురదకు జడిసి మేమా తీగ దరికే పోము!

వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపపాకములను చదివి పొంగినవాడను. ఎదుట నిలిచి, తాను చూచినది చెప్పిన బాలుని మాట మాత్రము నా చెవికెక్కలేదు.

మరునాడు తరగతిలో, "ఆనాడు నేను చెప్పినది తప్పు, వీడు చెప్పినది నిజము" అని యొప్పుకొని, ఆ బండల సంగతి మరల చెప్పుమని వానిని లేపితిని. వాడు కొంతసేపు నేలచూపు చూచి, "మరచితినండీ" అని కూర్చుండెను.