రెండు పిట్టలు... ఒకే వల!

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళంలోని ఆ వీధిలోకి ఒకతను పిట్టల బుట్ట పట్టుకొచ్చాడు. లోపల గుప్పెడంత కూడా లేని పిట్టలు. కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి. ‘ఒక జత కొనీ తాతా’ అంటూ ఎనిమిదేళ్ల మనవరాలు చెయ్యి పట్టుకు లాగింది. రిటైరైన సైన్సు మాస్టారాయన. తడిచేత్తో ఓ పచ్చపిట్ట రెక్కను నిమిరారు. రంగు వేలికంటింది.

‘ఏటి తాతా, పెయింటా?’ అంది పాప.

పెయింటే. ఎర్రవి మాత్రం అసలైన రెడ్ మునియాలు. వానాకాలంలో జతకట్టే వేళకి మగపిట్ట ఒళ్లంతా ఎర్రబారి తెల్లచుక్కలు తేలతాయి. దీని దాయాదే గ్రీన్ మునియా. వీపు లేతాకుపచ్చ, పొట్ట పసుపు, పక్కన నలుపూ తెలుపూ చారలు. రెండూ పది సెంటీమీటర్లే. ముక్కూ రెండిటికీ ఎరుపే.

రాత మాత్రం ఒకటి కాదు. ఒకప్పుడు ఈ పిట్టలు అహ్మదాబాద్ నుంచి విదేశాలకు వెళ్లేవి. ఆ ఊరి పేరే ‘అమండవ’ అనే శాస్త్రీయ నామమైంది. పంజరాలు దాటిన రెడ్ మునియాలు స్పెయిన్, ఫిజీల్లోనూ కాపురం పెట్టాయి. ఆసియాలో చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి ఐయూసీఎన్ లెక్కలో వాటికి పెద్ద ముప్పు లేదు. గ్రీన్ మునియా సహజంగా బతికేది మాత్రం మన దేశంలోనే. మౌంట్ ఆబూ లాంటి కొద్దిచోట్ల, ఇటువైపు లంబసింగి కొండల్లో కనిపించింది. పట్టి అమ్మడం, తిరిగే చోట్లు తగ్గిపోవడంతో అది ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. పచ్చదానికి గిరాకీ ఉండబట్టే మామూలు పిట్టలకు రంగు పూస్తున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అడవి పిట్టను పట్టినా, అమ్మినా, పంజరంలో పెట్టినా నేరమే.

మాస్టారికి చట్టం కన్నా ముందు తన చిన్ననాటి పంజరం గుర్తొచ్చింది. ముచ్చటపడి తెచ్చుకున్న ఎర్రపిట్ట నెలలు గడిచేకొద్దీ నల్లబడింది. పంజరంలో ఆ రంగు నిలవదని తెలిసేసరికి పిట్టే లేదు.

విషయం చెప్పేసరికి అమ్మేవాడు బుట్ట సర్దుకున్నాడు. సాయంత్రం నాగావళి ఒడ్డున రెల్లుగడ్డి మీద ఎర్రటి చుక్క ఒకటి ఊగుతూ కనిపించింది. పాప చప్పట్లు కొట్టబోయి ఆగింది.

‘మరి బుట్టలోవో?’

మాస్టారు జవాబు చెప్పలేదు. ఫోను తీసి అటవీశాఖ ఆఫీసు నంబరు వెతకడం మొదలుపెట్టారు.