కనబడుట లేదు

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "కనబడుట లేదు" అని అంటించిన కాగితాలు మనందరం చూసే ఉంటాం. ఒక ఫొటో, వయసు, చామనఛాయ, చివరిసారి వేసుకున్న చొక్కా రంగు, కింద ఫోన్ నంబరు. ఇంటి దారి మర్చిపోయిన తాతయ్యకో, మార్కులు తక్కువొచ్చి రైలెక్కేసిన కుర్రాడికో ఆ మాట సరిపోతుంది. కానీ ఇంకో రకం కూడా ఉంది. కొందరు వచ్చి ఒక మనిషిని తీసుకెళ్తారు. ఇంటివాళ్లు వెళ్లి అడిగితే "మా దగ్గర లేడు, మేం తీసుకురాలేదు" అంటారు. తీసుకెళ్లింది ప్రభుత్వ మనుషులో, ప్రభుత్వం అండ ఉన్నవాళ్లో అయితే ఐక్యరాజ్యసమితి దాన్ని ఎన్‌ఫోర్స్‌డ్ డిసపియరెన్స్ అంటుంది. మన పేపర్లు "బలవంతపు అదృశ్యం" అని రాస్తాయి. నాకైతే "మాయం చేయడం" అనే మాటే సూటిగా ఉన్నట్టు అనిపిస్తుంది. "మాయమయ్యాడు" అంటే చేసినవాళ్లెవరూ ఆ వాక్యంలో ఉండరు. "మాయం చేశారు" అంటే పేరు తెలియకపోయినా ఎవరో ఉన్నారని తెలుస్తుంది.

నాది మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం. ఈ తేడా నాకు ఏ గ్రామర్ పుస్తకమూ చెప్పలేదు. నర్సీపట్నంలో మా నాన్న నడిపే జిరాక్స్, డీటీపీ షాపుకొచ్చిన ఒకావిడ చెప్పింది.

ఫస్టియర్ పరీక్షలయ్యాక సెలవుల్లో షాపులో కూర్చునేదాన్ని. ఆవిడ మన్యం పైనుంచి బస్సు దిగి వచ్చింది. ఇరవై రెండేళ్ల కొడుకు. సంతలో ఉండగా ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చి ఎక్కించుకుపోయారట. ఐదు రోజులైంది. రెండు చోట్లకి వెళ్లి అడిగితే రెండు చోట్లా లేడన్నారు. పై ఆఫీసరుకి అర్జీ పెట్టుకోమని ఎవరో చెప్తే వచ్చింది.

ఇలాంటి అర్జీలకి మా కంప్యూటర్లో ఒక పాత ఫైలు ఉంటుంది. పేరు, వయసు, తేదీ మార్చుకుంటే చాలు. "నా కుమారుడు ఫలానా తేదీ నుండి కనబడుట లేదు" అని అందులో ఉన్నది చదివి వినిపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆడు తప్పిపోనేదమ్మా. తీసుకుపోనారు. అలాగే రాయి."

"ఎవరు తీసుకుపోయారని రాయమంటారు?"

"పేర్లు తెల్దు. ఇద్దరు. నల్ల బండి. సంత రోజు, పొద్దు తిరిగినాక. అరిటిపళ్ల ముసిలిది సూసింది."

నాలుగు వరుసల అర్జీ పేజీన్నర అయింది. అరటిపళ్లావిడ పేరు కూడా రాయమంటారా అని అడిగితే ఆవిడ చాలాసేపు ఆలోచించి, "దాన్ని అడిగి సెప్తాను" అంది. ప్రింటు తీసే ముందు నాన్న వచ్చి మొత్తం చదివాడు. ఒక్క అక్షరం మార్చలేదు. పేజీ అడుగున మామూలుగా వచ్చే మా షాపు పేరు మాత్రం తీసేశాడు. ఎందుకు నాన్నా అంటే, "మనం రోజూ ఇక్కడే ఉండాలి కదమ్మా" అన్నాడు. మూడు కాపీలకీ డబ్బులు తీసుకోలేదు.

పదకొండో రోజుకి ఆ అబ్బాయి ఇంటికొచ్చేశాడని తర్వాత తెలిసింది. ఎక్కడున్నాడో ఎవరికీ చెప్పలేదట. సంతోషమే. కానీ ఆలోచించండి. ఏ రిజిస్టరులోనూ అతని పేరు లేదు. కాగితాల ప్రకారం అతను ఎక్కడికీ వెళ్లలేదు. ఆ పదకొండు రోజులు జరిగాయని చెప్పే కాగితం ఏదైనా ఉందంటే, అది వేలిముద్ర వేసిన ఆ పేజీన్నర అర్జీ ఒక్కటే.

బయటివాళ్లకి నర్సీపట్నం అంటే పెద్దగా తెలీదు. మన్యానికి మాది గుమ్మం లాంటి ఊరు. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి బస్సులు మా మీదుగానే పోతాయి. అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని వార్తొస్తే చాలాసార్లు మృతదేహాలు పోస్టుమార్టానికి మా ఊరి ఆసుపత్రికే వస్తాయి. మా చుట్టుపక్కల ఈ కథ పాతదే. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని పట్టుకుని, విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అయినా చనిపోయింది రాజు కాదని నమ్మినవాళ్లు చాలాకాలం ఉండేవారని మా తాతయ్య చెప్పేవాడు. కోర్టు లేదు, తీర్పు లేదు, ఇక పాలకులు చెప్పింది జనం ఎందుకు నమ్ముతారు?

ఆ అర్జీ తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే రెండు ఇంజనీరింగ్ కాలేజీల పేర్లు ఎదురొచ్చాయి. రెండూ అప్పట్లో ఆర్ఈసీలు, ఇప్పుడు ఎన్ఐటీలు. మనలో చాలామంది జేఈఈ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకున్నవే: వరంగల్, కాలికట్.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. నెల తిరిగేసరికి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ విద్యార్థి. ఎమర్జెన్సీలో ఎవరూ గట్టిగా అడిగే వీల్లేకపోయింది. 1977 ఏప్రిల్‌లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఒక నిజనిర్ధారణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే. కార్యదర్శి మన హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్. వాళ్లు ఊళ్లకి వెళ్లి, చూసినవాళ్లతో మాట్లాడి, ఆ యువకుల్ని ముందే పట్టుకుని తర్వాత కాల్చారని నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ని వేయక తప్పలేదు. సాక్షులు బహిరంగంగా చెప్పడం మొదలయ్యాక, ఇకపై విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దానికి ఒప్పుకోక కన్నబిరాన్ వాళ్లు బయటికొచ్చేశారు. విచారణ అక్కడితో ఆగిపోయింది.

కాలికట్ ఆర్ఈసీలో ఫైనలియర్ చదివే పి. రాజన్ కథ ఇంకోలా నడిచింది. 1976 మార్చి 1 తెల్లవారుజామున యువజనోత్సవాల నుంచి హాస్టల్‌కి తిరిగొచ్చిన అతన్ని పోలీసులు ఎక్కించుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. కాలేజీ ప్రిన్సిపాల్ ఆయనకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపాడు: మీ అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారు అని. ఎమర్జెన్సీ రోజుల్లో, ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి, కింద సంతకం పెట్టి మరీ రాశాడు.

ఆ తండ్రి మంత్రుల దగ్గరికి, ఎంపీల దగ్గరికి తిరిగాడు. కోర్టుకి వెళ్దామంటే ఆ దారి కూడా మూసుకుపోయింది. ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధం మీద హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో చెప్పింది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. నాలుగు రోజుల్లో వారియర్ కేరళ హైకోర్టులో పిటిషన్ వేశాడు. అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం అఫిడవిట్ ఇచ్చింది. కానీ ప్రిన్సిపాల్ ఉత్తరం ఉంది. చూసిన కాలేజీవాళ్లు కోర్టుకొచ్చి చెప్పారు. రాజన్ పోలీసుల చేతిలోనే ఉన్నాడని ఏప్రిల్ 13న కోర్టు తేల్చి, అతన్ని తెచ్చి చూపించమంది. చూపించడానికి మనిషి లేడు, కక్కయం క్యాంపులో చనిపోయాడు. ఎమర్జెన్సీలో హోంమంత్రిగా ఉండి, అప్పుడే ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ ఏప్రిల్ 25న రాజీనామా చేశాడు. పదవి చేపట్టి సరిగ్గా నెల.

రాజన్ శరీరం ఈనాటికీ దొరకలేదు. ఆ తండ్రి 2006లో చనిపోయేదాకా, నా కొడుకుని ఏం చేశారని అడుగుతూనే ఉన్నాడు. ఈ కథ స్ఫూర్తితో 1988లో మలయాళంలో "పిరవి" అనే సినిమా వచ్చింది. వీలైతే చూడండి.

అదే 1977 ఏప్రిల్ 30న అర్జెంటీనాలో, సైనిక ప్రభుత్వం మాయం చేసిన పిల్లల కోసం పద్నాలుగుమంది అమ్మలు బ్యూనస్ ఐరిస్‌లో ప్లాజా దే మాయో అనే కూడలికి వచ్చారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులంటే నడవడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ప్రతి గురువారం ఆ నడక సాగింది. ఒకే నెలలో హైదరాబాద్, కొచ్చి, బ్యూనస్ ఐరిస్. ఎవరికీ ఎవరూ తెలీదు. అందరూ అడిగింది ఒకటే: తీసుకెళ్లిన మనిషిని చూపించండి.

హెబియస్ కార్పస్ అడిగేది కూడా అంతే. నాకు అందులో నచ్చింది దాని చిన్నతనం. అతను మంచివాడని ఆ పిటిషన్ నిరూపించక్కర్లేదు. వదిలేయమని కూడా అడగక్కర్లేదు. మనిషిని కోర్టు ముందుకి తెండి, ఏ చట్టం ప్రకారం పట్టుకున్నారో చెప్పండి, అంతే. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో, 32 కింద సుప్రీంకోర్టులో వేయొచ్చు. ఇంటివాళ్లే వేయాలని కూడా లేదు, స్నేహితులు వేయొచ్చు.

"వాళ్లు నక్సలైట్లు కదా, వాళ్ల తరఫున ఎందుకు?" అని మా క్లాస్‌లోనే ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మన్యంలో మావోయిస్టులు కూడా మనుషుల్ని ఇన్ఫార్మర్లని ముద్రవేసి తీసుకెళ్లి చంపారు. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని కాల్చి చంపారు. పౌరహక్కుల ఉద్యమంలో ఉంటూనే ఈ రెండోవైపు హింసనీ గట్టిగా ప్రశ్నించినవాడు కె. బాలగోపాల్. ఆయన లెక్కల్లో పీహెచ్‌డీ, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. 1989లో ఆయన్నే ఒక అజ్ఞాత ముఠా ఎత్తుకెళ్లి వదిలేసింది. నాకు అర్థమైనంతలో తేడా ఇదీ: అడవిలో ఉన్నవాడు చంపితే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చెప్పుకుంటాం. స్టేషనే లేడంటే ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2016 అక్టోబరులో మల్కన్‌గిరి జిల్లా రామగూడ ఎన్‌కౌంటర్ తర్వాత, మావోయిస్టు నాయకుడు ఆర్కే పోలీసుల దగ్గరే ఉన్నాడని ఆయన భార్య హైదరాబాద్ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. మా దగ్గర లేడన్నారు పోలీసులు. కొద్ది రోజులకే ఆయన క్షేమంగా బయట ఉన్నాడని తెలిసింది. అంటే ఆసారి పోలీసులు చెప్పిందే నిజం. అయినా పిటిషన్ వృథా కాలేదు. కోర్టు అడగడం వల్లే కదా ఆ "లేడు" అనే మాటకి కూడా విలువొచ్చింది.

డీబీఎంఎస్ క్లాసులో మొదటివారమే చెప్తారు: సున్నా వేరు, నల్ వేరు. సున్నా ఒక విలువ, నల్ అంటే ఏముందో తెలీదని. మాయం చేసిన మనిషి కుటుంబం నల్‌లో బతుకుతుంది. చనిపోయాడనుకుని కర్మ చేయలేరు. మరణ ధ్రువపత్రం లేక వితంతు పింఛను రాదు, పట్టా పేరు మారదు. ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు భావించొచ్చని చట్టం. ఏడేళ్లు ఆ ఇల్లాలు బొట్టు పెట్టుకోవాలా వద్దా?

దీన్ని ఆపడానికి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఒకటి ఉంది, 2010 నుంచి అమల్లో ఉంది. భారతదేశం 2007 ఫిబ్రవరి 6న సంతకం పెట్టింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. మనుషుల్ని మాయం చేయడం అనే నేరం పేరుతో మన శిక్షాస్మృతిలో విడిగా సెక్షన్ లేదు. ఆగస్టు 30న ప్రపంచమంతా మాయమైనవాళ్ల దినం జరుపుతారు. క్లబ్ తరఫున ఆ రోజు ఒక మీటింగు పెడదామని నా ప్రతిపాదన. కొవ్వొత్తులు, నినాదాలు అవసరం లేదు. ఒక లాయరుని పిలిచి ఈ కింది విషయాలు మన హాస్టల్లో అందరికీ చెప్పిద్దాం.

ఎవర్నైనా అరెస్టు చేస్తే మెమో రాయాలి, తేదీ, టైము వేయాలి, సాక్షి సంతకం ఉండాలి, బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి. 1996 డి.కె. బసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలివి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అది రాజ్యాంగం 22వ అధికరణం. ఎవర్నైనా అలా తీసుకెళ్లడం మనం చూస్తే, అదే గంటలో రాసిపెట్టుకోవాల్సినవి: ఎంత మంది, ఏ బండి, నంబరు, టైము, ఏ చోటు, ఇంకా ఎవరు చూశారు. ఇంటికి ఫోన్ చేయాలి. వార్డెన్ చేత రాయించుకోవాలి. రాసినదాని కింద పేరు, సంతకం ఉండాలి.

అన్నిట్లోకీ కష్టమైనది ఆ చివరిదే. షాపు పేరు తీసేసిన మా నాన్న భయం నాకు తెలుసు. అడిగి చెప్తానన్న అరటిపళ్లావిడ భయమూ ఊహించగలను. వాళ్లిద్దరూ ఒక్కొక్కళ్లే. మన హాస్టల్లో ఒక్క ఫ్లోర్‌లోనే అరవై మంది ఉంటాం. అరవై సంతకాలున్న కాగితం ఎవరి షాపు పేరూ అడగదు.