కన్నీరు కార్చిన అమరాశ్వాలు

గ్రీకు పురాణాలలో దివ్యాశ్వమనగానే చాలామందికి స్ఫురించేది రెక్కల పెగాసస్. కాని మనస్సును కలచివేసేవి హోమర్ 'ఇలియడ్'లోని రెక్కలు లేని గుర్రాలే. అకిలీస్ రథానికి పూన్చిన క్సాంథస్, బేలియస్ పడమటి గాలికి పుట్టిన బిడ్డలు. ఒకటి పసిడివన్నెది, మరొకటి మచ్చలది; పేర్ల అర్థమూ అదే. రెండింటికీ చావు లేదు. వాటి పక్కన పరుగెత్తిన పెడసస్ మాత్రం మర్త్యమైన గుర్రం. 16వ సర్గలో సార్పెడన్ ఈటె తగిలి అది కూలగా, సారథి దాని పగ్గం తెగవేశాడు, రథం సాగిపోయింది.

పాట్రోక్లస్ మరణించినప్పుడు మాత్రం సాగలేదు. సారథి కొరడా ఝళిపించినా, బుజ్జగించినా, బెదిరించినా ఆ జంట కదలక, తలలు నేలకు వాల్చి కన్నీరు కార్చింది. చావెరుగని వీటిని మర్త్యుల పాలు చేశామేమని జ్యూస్ అంతటివాడు నొచ్చుకున్నాడు.

19వ సర్గలో అకిలీస్ వాటిని దెప్పిపొడిచాడు: పాట్రోక్లస్‌ను వదలి వచ్చినట్లు ఈసారి చేయవద్దన్నాడు. హీరా దేవి క్సాంథస్‌కు నోరిచ్చింది. నేటికి కాపాడగలము గాని, నీ చావు దగ్గరపడిందని, అందుకు తాము కారణం కామని అది పలికింది. మాట ముగిసీ ముగియకముందే ఎరినీ దేవతలు దాని గొంతు కట్టివేశారు. గుర్రానికి దొరికిన భాష ఆపాటిదే.

అకిలీస్ చకితుడు కాలేదు. ఆ సంగతి తానెరుగుదునని విసుగుతో అని, గుర్రాలను యుద్ధంలోకి తోలాడు.