కిటికీ పక్క బెడ్డు

చుట్టాల్లో ఎవరి పిల్లవాడికి డిగ్రీ చేతికొచ్చినా మా ఇంటికి ఫోను వస్తుంది. "బాబాయ్, వీణ్ని అమీర్‌పేటలో కోచింగుకి పంపుతున్నాం. మంచి హాస్టలుంటే కాస్త చూడండి" అంటారు. మంచి హాస్టలనేది ఉందో లేదో చెప్పలేను గానీ, చూడ్డానికి మాత్రం సంతోషంగా బయల్దేరతాను. సొంతానికి ఇల్లు వెతుక్కునేటప్పటి గుబులు ఇందులో ఉండదు. అద్దె మనం కట్టేది లేదు, ఆ సాంబారు మనం తినేదీ లేదు.

అమీర్‌పేటలో ఇల్లు కావాలని ఎవరూ అడగరు. గది కావాలని కూడా అడగరు. ఇక్కడ అద్దెకిచ్చేది మంచం. "బెడ్ ఖాళీ ఉందా అన్నా?" అనాలి. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అంటూ గదిలో తలలు పెరిగేకొద్దీ రేటు దిగుతుంది. ఏసీ ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. కిటికీ ఉంటే మాత్రం రేటు మారదు, యజమాని గొంతు మారుతుంది. "కిటికీ పక్క బెడ్డు తమ్ముడూ, నిన్ననే ఖాళీ అయింది" అంటాడు, ఎవరికీ చెప్పకూడని మాట మనకొక్కరికే చెబుతున్నట్టు. తీరా వెళ్లి రెక్క తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే అవతలి హాస్టలు కుర్రాడి తడి తువ్వాలు అందుతుంది. గాలీ రాదు, వెలుతురూ రాదు. ఆ గదిలో ఎవడో అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషులో తన పేరు, ఊరు, తండ్రి వృత్తి వల్లె వేసుకుంటున్న గొంతు మాత్రం స్పష్టంగా వస్తుంది. పాపం, 'హాబీస్' దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాడు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అక్కడి ఉద్యోగాలకు దారి మాత్రం అమీర్‌పేట మెట్ల మీదుగా పోయింది. హుడా వాళ్ల మైత్రీవనం, ఆ దగ్గర్లోనే ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో నీలగిరి, అన్నపూర్ణ అని చల్లటి పేర్లు పెట్టుకున్న బ్లాకులు, వాటి గోడలు కనబడకుండా కోచింగ్ బోర్డులు. ఒకప్పుడు జావా, ఒరాకిల్, టెస్టింగ్. ఇప్పుడు డెవాప్స్, డేటా సైన్స్. బోర్డు మీద మాట మారింది గానీ మెట్ల మీద తోపులాట మారలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాడికి పడక కావాలి కదా, ఎస్సార్ నగర్, బల్కంపేట, మధురానగర్ వీధుల్లో ఇళ్లవాళ్లు అంతస్తు మీద అంతస్తు వేసి హాస్టళ్లు పెట్టేశారు.

2017 నవంబరులో మెట్రో వచ్చినప్పుడు ఈ హాస్టళ్ల పని అయిపోయిందనే అనుకున్నాను. రెండు లైన్లు కలిసే స్టేషను అమీర్‌పేట. మియాపూర్‌లో పిన్నిగారింట్లో ఉండీ రావచ్చు, నాగోలులో మేనమామ దగ్గర ఉండీ రావచ్చు. పైగా పాఠాలన్నీ ఇప్పుడు ఫోన్లోకే వస్తున్నాయి. అయినా పిల్లలు అక్కడే ఉంటామంటారు. ఎందుకో తెలియాలంటే సాయంత్రం ఆరింటికి ఏదో ఒక టీ బండి దగ్గర పావుగంట నిలబడాలి. ఏ కంపెనీలో వాకిన్ ఉంది, ఏ ప్యానెల్లో ఏం అడిగారు, ఎవడికి ఆఫర్ లెటర్ వచ్చి జాయినింగ్ డేట్ రాలేదు, ఇదంతా అక్కడ రెండు గుక్కల మధ్య చేతులు మారుతుంది. జెరాక్సు షాపువాడికి పాత బ్యాచి నోట్సుల్లో ఏది ఎవరిదో, ఎవరిది చదవదగ్గదో తెలుసు. పిన్నిగారింట్లో భోజనం బాగుంటుంది, కానీ ఆమెకు ఈ సంగతులు తెలియవు.

కాబట్టి నా లెక్క ఇది: కుర్రాడు ఆ మాటలకు దగ్గరగా ఉండాలి, ఆ మోతకు ఒక్క సందు దూరంగా ఉండాలి. మెయిన్ రోడ్డు మీద, మైత్రీవనానికి ఎదురుగా ఉన్న బిల్డింగులు చూడముచ్చటగా ఉంటాయి. బ్యాగు దించగానే క్లాసు. కానీ రాత్రి పదకొండు దాటినా బస్సు హారన్లు, ఆటోవాళ్ల కేకలు. ఏ పెద్ద హీరో సినిమానో విడుదలైతే ఒకప్పటి సత్యం థియేటర్ చోట వెలిసిన మాల్ వైపు జనం. ఎస్సార్ నగర్ లోపలి వీధులు నయం. మధురానగర్ ఇంకా నయం. అక్కడ ఇప్పటికీ కొన్ని గేట్ల ముందు పొద్దున్నే ముగ్గు కనిపిస్తుంది, అంటే ఆ వీధిలో సంసారాలు మిగిలే ఉన్నాయన్నమాట. బల్కంపేట కూడా మంచిదే, కాకపోతే ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం రోజుల్లో పుస్తకం మూసేయాలి. నేలమట్టానికి కిందుగా కొలువైన ఆ తల్లిని చూడ్డానికి ఊరంతా కదిలివస్తుంది, రోడ్లు మళ్లిస్తారు, డప్పులు గుండెలోనే మోగుతాయి. ఆ వారం చదువు సాగలేదని ఏడ్చేవాడికంటే వెళ్లి దండం పెట్టుకొచ్చేవాడే తెలివైనవాడని నా అభిప్రాయం.

ఇక గది చూడ్డం. చాలామంది మధ్యాహ్నం వెళ్తారు. పిల్లలంతా క్లాసులకు పోయుంటారు, తడిగుడ్డ పెట్టి తుడిచుంటారు, హాస్టలు కల్యాణ మండపంలా కనిపిస్తుంది. చూడాల్సింది పొద్దున ఎనిమిదింటికి. బాత్రూముల ముందు కారిడార్‌లో బకెట్లు వరసగా ఉంటాయి, ఎర్రవి, నీలంవి, పిడి ఊడితే తాడు కట్టినవి. ప్రతిదాని మీదా మార్కరుతో ఒక పేరు. మనిషి లేకపోయినా బకెట్టు వరస తప్పదు. దాటించి ముందుకు పెడితే గొడవే. ఒక అంతస్తులో ఆ బకెట్లు లెక్కపెట్టి, తలుపులు లెక్కపెడితే యజమాని చెప్పని విషయం తెలిసిపోతుంది. తర్వాత నీళ్లు. మంజీరా నీళ్లా, బోరా, ట్యాంకరా అని అడగాలి. "అన్నీ ఉన్నాయన్నా" అన్నాడంటే ట్యాంకరే.

తిండి గురించి పెద్దగా చెప్పను. బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్, మిగతా రోజులు సాంబారు. పరుపు గురించీ చెప్పను, అది అందరికీ ఒకటే. డబ్బు లెక్క మాత్రం తేల్చుకోవాలి. మా వాడొకడు ఒక హాస్టల్లో చేరేటప్పుడు అడ్వాన్సు పూర్తిగా తిరిగిస్తామన్నారు. ఖాళీ చేసేనాటికి మెయింటెనెన్స్ అని కొంత కోశారు, నెల ముందు చెప్పలేదని ఇంకొంత కోశారు, మిగిలింది ఫోన్‌పే చేస్తామన్నారు. ఆ ఫోన్‌పే మోత కోసం వాడింకా చూస్తూనే ఉన్నాడు. కాగితం మీద రాయించుకోవడం తమ్ముడూ అన్నా అనుకునేచోట మొరటుగా ఉంటుంది నిజమే. మొరటుగానే ఉండాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. ఇదే పిల్లలు ఊరికి పోయే పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు చేతబట్టుకుని పోయినవాళ్లు కూడా గరికపాడు దగ్గర ఆంధ్ర సరిహద్దులో గంటల తరబడి రోడ్డు మీదే ఆగిపోయారు. ఆ వారం చూశాక, ఎంత వరసలు కలిపి పిలిచినా యజమాని యజమానే అన్న సంగతి నేను మరిచిపోలేదు.

ఆడపిల్లకు వెతికేటప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. మగపిల్లవాడి హాస్టలు ఎంచేది పగటి లెక్కతో, ఆడపిల్లది రాత్రి లెక్కతో. క్లాసు ఎన్నింటికి వదులుతారు, మెట్రో మెట్లు దిగాక గేటు దాకా ఎన్ని దీపాలు వెలుగుతాయి, ఆ దారిలో ఆ వేళకు తెరిచి ఉండే దుకాణం ఏది. వీధిలో రద్దీ ఉంటే చదువు పాడని కొడుకు విషయంలో విసుక్కున్న తల్లే, కూతురి విషయంలో అదే రద్దీ కావాలంటుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కర్రీ పాయింట్ పదింటిదాకా తెరిచి ఉన్న సందు, పూలచెట్లున్న చీకటి సందుకంటే మంచిది. గేటు వేసే సమయం కూడా బోర్డు మీద ఉన్నది నమ్మకూడదు, లోపలున్న పిల్లల్నే అడగాలి. బోర్డు మీద తొమ్మిదిన్నర ఉంటుంది, వార్డెన్ మనసులో తొమ్మిది ఉంటుంది.

మా మేనకోడలికి మధురానగర్‌లో చూశాం. మా చెల్లెలు ఒంగోలు నుంచి వచ్చింది. నేను బాత్రూములు చూశాను, నీళ్లు చూశాను, స్టేషను నుంచి అడుగులు లెక్కపెట్టాను, అన్నీ బాగున్నాయన్నాను. ఆమె మెట్లు దిగుతూ ఆగింది. ఉన్నవి ఆ మెట్లే, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఆనాలి.

"అక్కా, రాత్రి గేటుకి తాళం వేస్తారు కదా. ఏ కరెంటు వైరో అంటుకుందనుకో, పిల్లకి కడుపునొప్పే వచ్చిందనుకో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

హాస్టలావిడ బొడ్లోంచి గుత్తి తీసి చూపించింది. "నా దగ్గరేనమ్మా. నేనూ కిందే పడుకుంటా."

"మీరు ఊరెళ్తే?"

ఆవిడ వంటింట్లోకి కేకేసింది. వంటామె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మెడలో నల్లపూసలతో పాటు వేలాడుతున్న రెండో చెవి బయటికి తీసింది. మా చెల్లెలు అప్పుడు పర్సు తెరిచింది.