ఇల్లు కట్టి చూడు – 6: అమ్మ కూర్చోని సోఫా



పోయిన భాగంలో స్లాబు దాకా వచ్చాం. బ్యాంకు లోను కోసం నేను తిరిగిన తిరుగుడు చదివి చాలామంది ఇన్‌బాక్సులో రాశారు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక తమ్ముడు మాత్రం, "అన్నా, ఇల్లయ్యాక లోపల ఏం పెట్టుకున్నారో కూడా రాయండి. మా ఇంట్లో ఇప్పటిదాకా ఫర్నిచరంటే ఒక ట్రంకుపెట్టె, రెండు ప్లాస్టిక్ కుర్చీలు" అన్నాడు. ఆ తమ్ముడి కోసం ఈ భాగం. సోఫా, గచ్చు, వాకిలి. ఈ మూడిట్లోనూ నేను తప్పులు చేశాను. వరసగా చెప్తాను.

ముందు సోఫా. గుంటూరులో పెద్ద షోరూముకి వెళ్లాను. జీవితంలో మొదటిసారి ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయాను. సేల్స్ కుర్రాడు "సార్, కూర్చుని చూడండి" అంటున్నాడు. నేను కూర్చోలేదు. చూసే కొన్నాను. ఎల్ షేపుది, బూడిదరంగుది, మనిషి మునిగిపోయేంత మెత్తటిది. నలభై రెండు వేలు. సినిమాల్లో అలాంటివే చూశాను మరి. ఇంటికొచ్చినవాళ్లకు కనబడాలని కొన్నాను తప్ప, ఇంట్లోవాళ్లు కూర్చోవడానికి కొన్నానని ఇప్పుడు చెప్పలేను.

మా అమ్మ దాని మీద కూర్చోలేదు. ఒక రోజు చూశాను, పది రోజులు చూశాను. సోఫాకి వీపు ఆనించి నేల మీద కాళ్లు చాపుకుని టీవీ చూస్తుంది. "అమ్మా, పైన కూచో" అంటే "పర్లేదులే నాయనా, కింద చల్లగా ఉంది" అంటుంది.

నేను ఊరుకుంటానా? మీటింగుల్లో మాట్లాడే నోరాయె. ఒక రాత్రి మా అమ్మకే క్లాసు పీకాను. కామందు ఇంట్లో నేల మీద కూర్చున్న అలవాటు నీకు ఇంకా పోలేదన్నాను. అంబేద్కర్ చిన్నప్పుడు బడిలో కూర్చోవడానికి గోనెపట్టా ఇంటినుంచి తీసుకెళ్లేవాడని, బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టుకోడు కాబట్టి సాయంత్రం మళ్లీ చంకన పెట్టుకుని తెచ్చుకునేవాడని చెప్పాను. ఆయన అంత పోరాడింది నువ్వు నీ ఇంట్లో నేల మీద కూర్చోవడానికేనా అని కూడా అన్నాను.

అమ్మ అంతా విని, "ఆయన గోనె మీద కూచుని చదివాడు. నేను నేల మీద కూచుని నిన్ను చదివించాను. ఇప్పుడు ఈ బొంతలో కూచుంటే లేవలేనురా అయ్యా. మోకాళ్లు" అంది.

నలభై ఏళ్లు వంగి నాట్లేసిన మోకాళ్లవి. ఆ సంగతి నాకు తట్టనేలేదు. సిద్ధాంతం తట్టింది, అమ్మ మోకాళ్లు తట్టలేదు.

కాబట్టి తమ్ముడూ, మొదటి పాఠం. కుర్చీ కొనేటప్పుడు కంటితో కొనకు. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లు. కూర్చునే చోటు నేలనుంచి పద్దెనిమిది అంగుళాలు, అటూఇటూగా ఉండాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. గట్టిగా ఉండాలి. లేచేటప్పుడు పట్టుకోడానికి రెండు వైపులా చేతులుండాలి. నేను తర్వాత మా పల్లెలో వడ్రంగి పని నేర్చిన పిల్లాడితో వేపచెక్క కుర్చీ చేయించాను. పాత వేపచెట్టు కోత కర్ర. చేదుకి చెదలు త్వరగా పట్టవు. నాలుగు వేలయింది. అమ్మ దాంట్లో కూర్చుంటుంది. సోఫా మీద ఇప్పుడు ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి.

అయితే అమ్మ మోకాళ్ల మాట చెప్పి కులం మాట దాటేశానని అనుకోవద్దు. మా చిన్నప్పుడు పల్లెలో నులకమంచం మీద కూర్చున్న మనిషి, ఊళ్లో పెద్దరైతు దారిన పోతుంటే లేచి నిలబడాలి. మా నాన్న లేచేవాడు. మంచం ఆయనది, వాకిలి ఆయనది, నిలబడేది ఆయనే. అదేదో పాతకాలం కథ అనుకునేవాళ్లకు రెండు సంగతులు. 2019లో ఉత్తరాఖండ్ తెహ్రీ జిల్లాలో, పెళ్లివిందులో తమ ముందు కుర్చీలో కూర్చుని తిన్నాడని ఒక దళిత యువకుణ్ణి కొట్టారని కేసయింది. తొమ్మిది రోజులకు ఆ పిల్లాడు ఆసుపత్రిలో చనిపోయాడు. 2020లో తమిళనాడు కడలూరు జిల్లా తెర్కు తిట్టై పంచాయతీలో, ఎన్నికైన దళిత మహిళా అధ్యక్షురాలు నేల మీద, మిగతావాళ్లు కుర్చీల్లో ఉన్న ఫోటో దేశమంతా చూసింది. ఫర్నిచర్ షాపులో కుర్చీకి ధర చీటీ ఒక్కటే ఉంటుంది. మనం కట్టిన ధర ఆ చీటీలో లేదు.

ఇక గచ్చు. నాకు నల్ల గ్రానైట్ కావాలి. ఎందుకో చెప్పడానికి సిగ్గుపడను. మా ఊరి కామందు ఇంట్లో అదే ఉంది. చీమకుర్తి గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, రాత్రిపూట ఆకాశంలా. అది మా పక్కనున్న ప్రకాశం జిల్లాలో పుడుతుంది, దేశదేశాలకు పోతుంది. చిన్నప్పుడు మా నాన్న వెంట వాళ్ల పెరటి గుమ్మం దాకా వెళ్లి, అక్కడినుంచి లోపలి గచ్చు చూసేవాణ్ణి. దాని మీద అడుగు పెట్టలేదు. అలాంటి గచ్చు నా ఇంట్లో వేస్తే ఆ బాకీ తీరిపోతుందని ఎక్కడో లోపల ఉంది.

మేస్త్రీ లెక్క చెప్పాక కోరిక దిగింది. ఆ డబ్బులో సగానికంటే తక్కువకే బేతంచెర్ల నాపరాయి వస్తుందన్నాడు. టైల్స్ వేద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. మా పిన్ని తడి టైల్ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. చివరికి హాలుకీ గదులకీ నాపరాయి, బాత్‌రూముల్లో గరుకుగా ఉండే, జారని టైల్స్ వేశాం. నాపరాయి ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. పాలిష్ మూడు నాలుగు దఫాలు పట్టాలి, ఒక్కో దఫాకి సన్నరాయి మారుస్తారు. ఒకటే జాగ్రత్త. అది సున్నపురాయి జాతి. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే వెంటనే తుడవాలి, లేకపోతే మచ్చ పడి మెరుపు పోతుంది. యాసిడ్ పోసి కడగకూడదు.

రాయి గురించి ఇంకో మాట. గ్రానైట్ కోసే దగ్గరా, పాలిష్ పట్టే దగ్గరా లేచే సన్నటి ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్లతరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. గట్టిపడ్డ ఊపిరితిత్తులు మళ్లీ మామూలుగా కావు. నీళ్లు పోస్తూ కోస్తే ధూళి తగ్గుతుంది. మంచి మాస్కు ఇస్తే ఇంకొంత తగ్గుతుంది. ఈ రెండూ ఖర్చని మానేసే యజమానులున్నారు. మన గచ్చు మెరుపులో ఎవరి ఊపిరి ఉందో అడగడం మన ఉద్యమంలో భాగమే.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో వినండి.

పాలిష్ పట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. జుట్టు నుంచి కనురెప్పల దాకా తెల్లటి బురద. నేను ముందు రోజే కొట్టు నుంచి డిస్పోజబుల్ గ్లాసుల ప్యాకెట్టు తెచ్చి పెట్టాను. మంచినీళ్లు, టీ వాటిలోనే. మధ్యాహ్నం ఇసుకకుప్ప మీద కూర్చుని క్యారేజీలు విప్పుకున్నారు. లోపల ఫ్యాను తిరుగుతోంది. నాకు ఏమీ అనిపించలేదు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది. "ఇవెందుకు?" అంది. "వాడి పారేయొచ్చు, గ్లాసులు కడిగే పని తప్పుద్దని" అన్నాను.

"మా అమ్మకు టీ కొట్టు దగ్గర కొబ్బరిచిప్పలో పోసేవాళ్లు. అదీ కడిగే పనిలేదు. నీకు ప్లాస్టిక్కుది దొరికింది" అంది.

అంతే. ఇంకో మాట అనలేదు. స్టీలు గ్లాసులు తీసుకుని బయటకు వెళ్లి, "లోపలికి రండి నాయనా, ఫ్యాను కింద తినండి" అని పిలిచింది. వాళ్లు "బురదగా ఉన్నామమ్మా" అన్నారు. "బురద మీది కాదు, ఈ ఇంటిదే. రండి" అంది. వాళ్లు పాలిష్ పట్టిన గచ్చు మీద మొదట కూర్చుని తిన్నది వాళ్లిద్దరే. అమ్మ వాళ్లకు ఎదురుగా, నేల మీదే, కూర్చుని పప్పు వడ్డించింది.

వాళ్ల కులమేదో నేను అడగలేదు. అడగనంత మాత్రాన నేను మంచివాణ్ణి కాను. కులం అడక్కుండానే వేరే గ్లాసు పెట్టడం నాకు వచ్చేసింది. ఆ రోజు రాత్రి నా సహచరితో ఈ మాట అంటే, "నేను చూశాను. నువ్వే కనుక్కుంటావేమోనని ఊరుకున్నాను" అంది. ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

మూడోది వాకిలి. ఇంటి ముందు పదిహేనడుగుల జాగా మిగిలింది. నేను ఫోనులో బొమ్మలు చూసి లాన్, చిన్న ఫౌంటెన్, చుట్టూ సిమెంటు ఇటుకలు అనుకున్నాను. మా పల్లెలో వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. బిందెలు వరసలో ఉండగా నా ఇంటి ముందు నీళ్లు ఆటకి ఎగురుతుంటాయన్నమాట! ఈసారి అమ్మ చెప్పకముందే నాకే సిగ్గేసింది. కొంచెం ఎదిగాను.

ఇప్పుడక్కడ మట్టి మట్టిగానే ఉంది, వాననీళ్లు ఇంకడానికి. గోడకి దూరంగా, వేళ్లు పునాది జోలికి రాకుండా ఒక వేపమొక్క. మునగ, కరివేపాకు. నాలుగు కుండీల్లో బంతి, మందారం. ప్రహరీకి బయట, వీధి వైపు, రెండు నాపరాళ్లు పరిచిన అరుగు. అది అమ్మ పట్టుబట్టి కట్టించింది. "ఊళ్లో అరుగుల ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. మన అరుగు మీద ఎవరైనా కూచోవాలి" అంది.

కుండీలకు నీళ్లు పోసినప్పుడల్లా నాకు రాజగృహ గుర్తొస్తుంది. 1917లో బరోడాలో, కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కు ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అలాంటి మనిషి 1930లలో ముంబై దాదర్‌లో తన పుస్తకాల కోసం ఇల్లు కట్టుకున్నాడు. 2020 జులై 7న ఆ ఇంటి మీదికి వచ్చినవాళ్లు కిటికీ అద్దాలతో పాటు పూలకుండీలు కూడా పగలగొట్టారు. మన పూలకుండీ కూడా కొందరికి కంట్లో నలుసే. అందుకే పెంచాలి.

గృహప్రవేశం నాడు కామందు గారి పెద్దబ్బాయి వచ్చాడు. ఆయనకీ డెబ్బై దాటాయి. గుమ్మంలో ఆయన్ని చూడగానే అమ్మ వేపకుర్చీలోంచి లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి ఏమైందో! ఆయన ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నా నోట మాట రాలేదు. నా ఎనిమిదేళ్ల కూతురు లోపలికెళ్లి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, ఆయన పక్కనే వేసి, "కూచో నానమ్మా" అంది. అమ్మ అటూ ఇటూ చూసి అంచు మీద కూర్చుంది. కొంచెంసేపటికి వెనక్కి వాలింది.

మంచినీళ్లు ఇస్తే ఆయన "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు. స్టీలు గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. ఆయన వెళ్లాక అమ్మ ఆ నీళ్లు పారబోయలేదు. తీసుకెళ్లి వేపమొక్కకు పోసింది.

వచ్చే ఆదివారం పుస్తకాల గది గురించి. ఈలోగా మీరొకటి రాయండి. మీ ఇంట్లోకి మొదటి కుర్చీ ఎప్పుడొచ్చింది? దాంట్లో మొదట ఎవరు కూర్చున్నారు? ఇంట్లో ఎవరు ఇంకా కూర్చోవడం లేదు?

జై భీమ్.